ఆడచేపలు లేని తొట్లు

రోజు 1

మంజీరా, నిన్న ఫోనులో నువ్వన్నది తప్పు. "అమ్మమ్మా, చేపలు కొట్టుకు చస్తున్నాయంటే తొట్టి లోతు చాలలేదన్నమాట, ఇంకా లోతైనది తెచ్చుకో" అన్నావు. పొట్టి సిక్లిడ్‌లకు లోతుతో పని లేదు. అవి నేల చూసుకుని బతికే జాతి. నువ్వు నిలువునా ఎన్ని నీళ్లు పోసినా వాటి లెక్కలో ఇల్లంటే అడుగున ఉన్న చోటే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉంటే ఒక జంటకు సరి. రెండో ఆడచేపను వదలాలంటే ఇంకో అడుగు నేల కావాలి, దానికి వేరే కొబ్బరి చిప్ప కావాలి, రెండిళ్లూ ఒకదానికొకటి కనబడకుండా మధ్యలో ఒక చెక్క దుంగ కావాలి. కనబడితే గొడవే. మనుషులకూ ఇంతకంటే పెద్ద సూత్రం అక్కర్లేదు గాని, మనుషులు ఒప్పుకోరు.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ చలువకొండ బడిలో జంతుశాస్త్రం చెప్పాను. నా తరవాత ఈ చేపలు నీకే వస్తాయి కనుక, నీకు అర్థమయ్యే భాషలో ఈ తొట్ల పుస్తకం మొదలుపెడుతున్నాను. ఫోనులో అరిస్తే నీకు ఎక్కడం లేదు.

నా ఇష్టపు నీళ్లు నూట ఇరవై లీటర్లు. తాగడానికీ వండడానికీ కాక, మొక్కకో చేపకో మనసుకో వాడుకోమని ఇంటికి ఇచ్చే నీళ్లు అవి. ఎదురింటాయన వాటితో రెండోసారి స్నానం చేసి మొదటిసారికంటే మురికిగా బయటికి వస్తాడు. నేను నలభై లీటర్ల తొట్లు మూడు పెట్టాను. ఒకటి తల్లిదండ్రులకు, ఒకటి పిల్లలకు, ఒకటి ఎదిగినవాటికి. లెక్క ప్రకారం సరిపోవాలి. సరిపోవడం లేదు. ఎందుకంటే ఈ కాన్పులో అరవై ఎనిమిది పిల్లలు బతికితే అరవై ఒకటి మగవి. అన్ని మగచేపలకు నేల పంచాలంటే చలువకొండ మొత్తం అద్దెకు తీసుకోవాలి.

ఈ జాతిలో పిల్ల ఆడా మగా అన్నది తల్లి కడుపులో తేలదు. పుట్టిన మొదటి నెలలో నీళ్లను బట్టి తేలుతుంది. నీళ్లు బాగా పులుపెక్కితే మగవి ఎక్కువ. వేడెక్కినా మగవి ఎక్కువ. వేడి సంగతి ఆలోచించక్కర్లేదు, ఊళ్లో ప్రతి ఇంటి గోడ మీదా కనబడే అంకె ఇరవై ఆరు డిగ్రీలే ఉంది. కాబట్టి తప్పు నేను వేసిన బాదం ఆకులది. అంటే నాది. ఆకు ఎక్కువైతే నీళ్లు పులుస్తాయని పిల్లలకు చెప్పినదాన్నే ఆకు ఎక్కువ వేశాను.

ఇప్పుడు కావలసింది ఆడచేపలు. ఇక్కడ చోటు లేదు. ఇద్దరి దగ్గర ఇష్టపు నీళ్లు వాడకుండా పడి ఉన్నాయని తెలుసు. రేపటి నుంచి అడుక్కోవడం మొదలు.

రోజు 6

రెండో వలయంలో గౌరీపతి ఇంటికి వెళ్లాను. కొండకు చలువనీరు తోడే పంపుల దగ్గర నలభై ఏళ్లు చేసి దిగిపోయాడు. పంపువాళ్లకు లోపలి వలయాల్లోనే ఇళ్లు. నేనుండే నాలుగో వలయం నుంచి కొండ లోలోపలికి నడిచి వెళ్లేసరికి శాలువా కప్పుకుంటే బాగుండుననిపించింది. ముసలితనం, ఏం చేస్తాం.

"ఇరవై ఆరేనా టీచరమ్మా?" అన్నాడు గుమ్మంలోనే. చలువకొండలో ఎవరైనా ముందు అడిగేది అదేగా.

"ఇరవై ఆరే గౌరీపతీ."

"సేపలకి ఇల్లెతుకుతున్నారంట. మా కోడలికే ఇక్కడ సోటు సాలక రోజూ రామాయణం. మీ సేపలకేటి పెట్టమంటారు?"

"నీ కోడలికి కొబ్బరి చిప్ప సరిపోదు. వీటికి సరిపోతుంది."

పగలబడి నవ్వాడు. లోపలి నుంచి కోడలు నవ్వలేదు. మంచం కింద నేల ఖాళీగా ఉంది. అక్కడే నలభై లీటర్ల తొట్టి పెట్టించాను. అడుగున సన్న ఇసుక, రెండు చిప్పలు బోర్లా, ఒక దుంగ, నా సీసాలోంచి రెండంటే రెండే బాదం ఆకులు. పైన మూత. ఒక మగది, ఒక ఆడది.

"రోజూ ఓ పాలి సూడాలేటి?"

"రోజూ చూడు. చెయ్యి మాత్రం పెట్టకు."

రోజు 9

ఏడో వలయం. పోయినేడు కట్టిన కొత్త ఇళ్లు, రెండేసి గదులు. కొండ బయటి చర్మానికి ఆనుకుని ఉంటాయి. పసిపిల్లలున్నవాళ్లకే ఇస్తారు. పైడితల్లి నా దగ్గర చదివింది. చదివింది అనడం మర్యాద, వచ్చి కూర్చునేది. దానికిప్పుడు రెండేళ్ల కూతురు, రత్నాలు.

"ఇరవై ఆరేనా టీచరమ్మా?" అంది. పై పెదవి మీద చెమట పట్టి ఉంది.

"ఇరవై ఆరే" అన్నాను. నా వీపున రవిక అంటుకుపోయింది.

"చెమట జబ్బుకి మాత్రలిచ్చారండి నాకు. రత్నాలుకి చుక్కలు. ఈ వరసలో అందరికీ ఉందట. కొత్త రంగు వాసన పడకేమో అంటున్నారు."

మా చిన్నప్పుడు చెమట పడితే జబ్బు అనేవారు కాదు. ఇప్పుడు గోడ మీద ఇరవై ఆరు రాసి ఉండగా చెమట పడితే, గోడ తప్పు కాదు కదా, ఒంటి తప్పే. మంచి ఊరు కట్టుకున్నాం.

లోపలి గదిలో, బయటి గోడకు దూరంగా తొట్టి పెట్టాను. అదే కొలత, అదే ఇసుక, అదే సీసాలోంచి అవే రెండు ఆకులు. రత్నాలు తొట్టికి ముక్కు ఆనించి కూర్చుని, తననే మూతి ముడిచి చూస్తున్న ఆడచేపకు ఎదురు మూతి ముడిచింది.

ఇంటికి వచ్చేసరికి నీ ఫోను. రెండో నెల అని చెప్పావు. నేను సంతోషించానో లేదో నీకు తెలియలేదన్నావు. సంతోషించాను. వరసగా ఆరు వాక్యాలు మాట్లాడి ఒక్కదానిలో కూడా తప్పు పట్టలేదు, గమనించలేదా?

రోజు 27

గౌరీపతి తొట్టిలో ఆడచేప చిప్పలో గుడ్లు పెట్టి పసుపుపచ్చగా మారింది. గుడ్లు కాపలా కాసే రోజుల్లో ఈ జాతి తల్లి ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు అవుతుంది, మగడు దగ్గరికి వస్తే తరుముతుంది. గౌరీపతి ఫోను చేసి, "టీచరమ్మా, ఆడదానికి కామెర్లు!" అని అరిచాడు. కామెర్లు కాదు, బాధ్యత అన్నాను. తేడా ఏటని అడిగాడు.

నా తొట్టిలో కూడా కొత్తగా గుడ్లు. ఈసారి ఆకులు రెండే.

పైడితల్లి తొట్టిలో గుడ్లు పెట్టిన మర్నాడే తల్లి తినేసింది. మొదటి కాన్పులో అలా జరుగుతుంది.

రోజు 44

పైడితల్లి తొట్టిలో రెండోసారి కూడా తల్లి గుడ్లు తినేసింది. రెండోసారి అలా జరగకూడదు.

రోజు 58

మూడోసారి నిలిచాయి. పైడితల్లి ఇంట్లో పిల్లలు ఈదుతున్నాయి. వంద గుడ్లకు ముప్పై అయిదు పిల్లలు. తల్లి పసుపు రంగులో ఉంది గాని మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. పరుగెత్తి వచ్చినదానిలా ఉంది. తొట్టిలో పరుగెత్తడానికి ఎక్కడుంది?

నీకు ఏడో వలయంలో ఇల్లు వచ్చిందని కాగితం చూపించావు. పైడితల్లి ఇంటికి నాలుగిళ్ల అవతల. ఏడో నెలలో సంతకం పెట్టి చేరాలట. ఇప్పుడు నువ్వూ మీ ఆయనా ఉండే ఒంటి గది మొదటి వలయంలో, ఉద్యోగులకు ఇచ్చేది, బిడ్డ పుడితే ఖాళీ చెయ్యాలి. నీ మొహం చూస్తే దీపం వెలిగించినట్టుంది. బాగుందన్నాను. చేపల సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి అప్పటికి ఏమీ లేదు.

రోజు 97

ఈ రోజు సంగతి నువ్వు నెమ్మదిగా చదవాలి.

పొద్దున గౌరీపతి ఇంట్లో పిల్లలను లెక్కపెట్టాను. ఈ వయసుకు తేడా తెలుస్తుంది. మగవాటి వీపు రెక్క పొడుగ్గా దారాలు తేలుతుంది, ఆడవి చిన్నగా గుండ్రంగా ఉండి పొట్టకింద రెక్కల ముందంచు నల్లగా ఉంటుంది. యాభై ఏడు పిల్లలు. ఇరవై ఏడు మగవి, ముప్పై ఆడవి. "నా సేతి మంచితనం" అన్నాడు. సరే, ఆకులు తగ్గించడమే మందు అనుకుని ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను. ఈ వయసులో ఈల వినిపించదు, గాలి వస్తుంది.

మధ్యాహ్నం నా తొట్టి లెక్కపెట్టాను. డెబ్భై పిల్లలు. అరవై నాలుగు మగవి.

ఒకే చెట్టు ఆకులు. ఒకే సీసా. ఒకే కుళాయి నీళ్లు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లు రెండు తొట్లలో. తేడా ఒక్కటే, తొట్టి ఉన్న చోటు.

పాత పుస్తకాలు తీశాను. ఇదే గదిలో, ఇదే మూల, అయిదేళ్ల కాన్పులు. అయిదేళ్ల కిందట డెబ్భై ఒకటికి ముప్పై ఆరు మగవి. మూడేళ్ల కిందట డెబ్భై నాలుగుకు నలభై రెండు. పోయినేడు అరవైకి నలభై తొమ్మిది. ఈ ఏడు డెబ్భైకి అరవై నాలుగు. నేను ప్రతిసారీ ఆకుల మీదే అనుమానపడ్డాను. ఏ ఏటికాయేడు ఆకులు తగ్గించుకుంటూ వచ్చాను. పక్కపక్కన పెట్టి చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, రెండు కారణాలు ఉన్నప్పుడు ఒకదాన్ని గోడ మీద అంకె చూసి కొట్టేశాను. పరీక్షలో ఇలా రాసినవాడికి నేనైతే సున్నా వేసేదాన్ని.

నా గది ఇరవై ఆరు లేదు మంజీరా. ఇరవై తొమ్మిదో, ఇంకా పైనో. ఆ నెల ఎంతుందో చేప ఒంటి మీద రాసుకుంది. గోడ రాసుకోలేదు.

రోజు 99

నీ ఆఫీసు గది బయట మనం మాట్లాడుకున్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తరవాత నేనిలా అనలేదని నువ్వనకూడదు.

"గోడ మీద అంకె ఎక్కడి నుంచి వస్తుందే?"

"నేనే పంపుతాను అమ్మమ్మా, రోజూ పొద్దున్నే." గర్వంగానే చెప్పావు.

"ఎక్కడ చూసి పంపుతావు?"

"నీటిమూతి దగ్గర. కొండ అడుగు నుంచి చలువనీరు పైకి వచ్చే చోట వేడి చూసే కొలబద్ద ఉంది. మా గదికి పదడుగులు."

"మిగతా వలయాల్లో?"

"అక్కడా ఉండేవట, నేను చేరకముందు. ఒకదానికొకటి పొంతన లేక జనం పోట్లాడుకునేవారట, మాకు తక్కువ చలువ, వాళ్లకు ఎక్కువ అని. చెడిపోయినవి చెడిపోయినట్టు వదిలేసి ఒక్కటే ఉంచారు. ఇప్పుడు అందరికీ ఒకే అంకె. అది న్యాయమే కదా?"

"న్యాయమే. ఊరందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు."

"నువ్వు వెటకారం చేస్తే నేను ఏమీ చెప్పను."

"వెటకారం కాదు. చలువనీరు మొదటి వలయం నుంచి ఏడో వలయం దాకా వెళ్లేసరికి ఎంతమంది వేడి మోస్తుంది? ఏడో వలయం కట్టాక నీళ్లు పెంచారా?"

"నాకు ఎప్పుడూ చల్లగానే ఉంది అమ్మమ్మా" అన్నావు.

ఉంటుంది. నువ్వుండేది మొదటి వలయం. నీకు తెలిసినంతవరకు నువ్వు పంపే అంకె నిజం. అబద్ధం ఆడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండేది. పట్టుకోవచ్చు. ఇక్కడ ఎవరూ లేరు.

ఇంట్లో సొంత కొలబద్ద ఎందుకు పెట్టుకోకూడదని అడిగావు. ఆ పోట్లాటల తరవాత అది నేరమయ్యింది, నువ్వు అప్పటికి పుట్టలేదు. చేపలు పెంచుకోవడం ఇంకా నేరం కాలేదు.

రోజు 112

పైడితల్లి ఫోను. సంతోషంగా ఉంది.

"టీచరమ్మా, చుక్కలు పని చేశాయండి! రత్నాలుకి పొద్దున్నుంచీ చెమటే పట్టలేదు. ఒళ్లు పొడిగా ఉంది. పడుకునే ఉంది, లేపినా లేవడం లేదు. బాగా నిద్ర పడుతోంది పాపం."

కూర్చున్నదాన్ని లేచాను. "ఒళ్లు కాలుతోందా?"

"కొంచెం వెచ్చగా ఉందండి."

"తడిగుడ్డ చుట్టి బిడ్డనెత్తుకుని బయలుదేరు. నీ వలయంలో ఎక్కడా ఆగకు. గౌరీపతి ఇంటికి రా. నేను అక్కడికి వస్తున్నాను."

"డాక్టరుగారు చెమట తగ్గితే నయమైనట్టే అన్నారు కదండీ..."

"పైడితల్లీ, నీకు పదో తరగతిలో నేను వేసిన మార్కులు గుర్తున్నాయా? ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యకపోతే అంతకంటే తక్కువ వేస్తాను. పరుగెత్తు."

చెమట ఆగిపోయిన ఒళ్లు తనను తాను చల్లార్చుకోవడం మానేసిన ఒళ్లు. ఆ పాఠం ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. గౌరీపతి కోడలు, నా మాటలకు ఎప్పుడూ నవ్వని అమ్మాయి, తమ వంతు స్నానం నీళ్లన్నీ తెచ్చి బిడ్డ మీద చుక్కచుక్కగా పోసింది. విసనకర్ర తిప్పుతూనే ఉంది. సాయంత్రానికి రత్నాలు కళ్లు తెరిచి మంచం కింద తొట్టి చూసి మూతి ముడిచింది. అప్పుడు ఏడ్చాం, ముగ్గురమూ.

ఇది నాలుగు రోజుల తరవాత కింద చేరుస్తున్నాను: రెండు రోజుల్లో పిల్ల కోలుకుంది. చుక్కల గుణం అన్నాడు డాక్టరు. రత్నాలు అక్కడే, రెండో వలయంలోనే ఉంది. పైడితల్లి మాత్రం వెనక్కి వెళ్లింది, పది రోజులు ఇల్లు ఖాళీగా ఉంటే వేరేవాళ్లకు రాసేస్తారు. రోజూ అటూ ఇటూ నడుస్తోంది. నీకు ఇంత చెప్పినా, "పాపం, ఆ పిల్లకు ముందు నుంచీ నీరసం కదా" అన్నావు.

రోజు 121

జ్వరం చూసే కడ్డీ ముప్పై అయిదు కంటే తక్కువ ఉంటే అంకె చూపించదు, 'తక్కువ' అని మాత్రం చూపిస్తుంది. ఆ ధైర్యంతోనే దాన్ని ఇళ్లలో ఉండనిచ్చారు. దాంతో గది కొలవలేం.

ఈ రోజు పైడితల్లి ఇంట్లో దాన్ని తీసి, గది మధ్య పెట్టాను. 'తక్కువ'. బయటి గోడకు ఆనించి పావుగంట ఉంచాను. ముప్పై అయిదున్నర.

పైడితల్లి దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"గోడకి జ్వరమొచ్చిందా టీచరమ్మా?"

నేను ఎప్పుడూ దాని ప్రశ్నలకు నవ్వేదాన్ని. ఈసారి నవ్వలేదు. గోడ అవతల ఎంత వేడి ఉందో మా తరం చూసి లోపలికి వచ్చింది. అది ఇప్పుడు గోడకు ఇటువైపు చెయ్యి పెట్టింది.

తొట్టిలో పిల్లలు ముప్పై ఒకటి మిగిలాయి. పెరుగుతున్నాయి, మరీ తొందరగా. ఇంకో వారంలోపే తేడా తెలుస్తుంది. నేను లెక్కపెట్టను. ఎందుకో చివర చెబుతాను.

రోజు 133

నేను రాసిన అర్జీకి జవాబుగా ఒక పరిశీలకుడు వచ్చాడు. మంచి కుర్రాడు, చెప్పులు బయట విప్పాడు.

"ఇరవై ఆరేనా బామ్మగారూ?"

"అది తేల్చడానికే గదా నువ్వొచ్చింది."

గోడ చూశాడు. ఇరవై ఆరు అని రాసుకున్నాడు. అయిదేళ్ల పుస్తకాలు ముందు పరిచాను. అయిదు కాన్పులు, గౌరీపతి కాన్పు, అన్నీ చూపించాను. ఓపికగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు మెడ తుడుచుకున్నాడు.

"అంటే మగపిల్లలు ఎక్కువ పుడుతున్నారని మీ బాధ" అన్నాడు.

"నాయనా, నీకు చెమట పడుతోంది."

"నాకు ముందు నుంచీ ఉందండి చెమట జబ్బు. మాత్రలు వేసుకుంటున్నాను."

"జ్వరం కడ్డీ గోడకు పెడితే ముప్పై అయిదున్నర చూపించింది."

"ఆ కడ్డీ మనుషులకండి. గోడలకు వాడితే తప్పే చూపిస్తుంది." ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే నన్ను భయపెట్టింది.

ఇది తరవాత చేర్చింది: వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. బయటి వలయాల్లో చెమట జబ్బుకు కారణం ఇళ్లలో పెరిగిన తేమ అని తేలిందట. తేమకు కారణం ఇష్టపు నీళ్లట. నాలుగో వలయం నుంచి ఏడో వలయం దాకా తొట్లన్నీ నూట నలభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం లోపు ఖాళీ చెయ్యాలి. అది నా అర్జీ వల్లే జరిగిందని నాకు తెలుసు. వెనక్కి తీసుకునే వీలు లేదు.

రోజు 147

నిన్న నువ్వు బండిలో వచ్చి, గుమ్మంలోంచే అరిచి వెళ్లావు. రాసిపెడుతున్నాను, నీ వైపు మాట కూడా ఈ పుస్తకంలో ఉండాలి.

"ముప్పై చేపల కోసం రెండు గదుల ఇల్లు వదులుకోమంటావా అమ్మమ్మా? కాదంటే మళ్లీ మూడేళ్ల దాకా వంతు రాదు. మా గదిలో బిడ్డను పడుకోబెట్టడానికి నేల లేదు!"

"ఉయ్యాలకు నేల అక్కర్లేదు. కొక్కెం చాలు."

"ఉద్యోగుల గదిలో బిడ్డలను ఉంచనివ్వరు!"

"వచ్చి బిడ్డను బయటికి లాగమను. పదిమంది ముందు. ఎవరు లాగుతారో నేనూ చూస్తాను."

"నీకు అన్నీ తేలిగ్గానే ఉంటాయి. అంకె పంపేది నేను. నీ మాటే నిజమైతే ఇన్నాళ్లూ నేను పంపింది ఏమిటి? రత్నాలుకు అలా అవడం నా వల్లనా?" అన్నావు. నిన్ను ఇక్కడిదాకా నెట్టుకొచ్చింది ఇల్లు కాదు, ఆ ప్రశ్న. నేను అది ముందే చూడవలసింది.

నీ వల్ల కాదు. నువ్వు చూసినదే పంపావు. అయిదేళ్లు కళ్లముందు కాన్పులు మారుతుంటే ఆకులు ఏరుకుంటూ కూర్చున్నదాన్ని నేను. ఇద్దరిలో ఎక్కువ చదువుకున్నది నేనే కనుక ఎక్కువ తప్పు నాకే రానివ్వు. నీకంటూ వాటా మిగలకుండా చూస్తాను.

చివరికి, "నీ లెక్క నేను నమ్మను, నువ్వు చూడాలనుకున్నదే చూస్తావు" అన్నావు. ఆ మాట మాత్రం సరైనది. అందుకే పైడితల్లి తొట్టి నేను లెక్కపెట్టలేదు. పైడితల్లినీ పెట్టనివ్వలేదు. మొదటి వలయంలో పుట్టి, మొదటి వలయంలో ఉద్యోగం చేసి, చలువ తప్ప ఎరగని చర్మం ఈ ఊళ్లో నాకు తెలిసి నీది ఒక్కటే. అది వచ్చి చూడాలి.

సంతకం ఎల్లుండి పదింటికి, తొట్టి ఖాళీ చేసేది అదే రోజు మధ్యాహ్నం. కనుక రేపే వెళ్లు. ఈ పుస్తకం గౌరీపతి చేత పంపుతున్నాను. వాడు చదవడు, చదివినట్టు నటిస్తాడు, పట్టించుకోకు.

చెయ్యవలసింది ఇది. పొద్దున ఎనిమిదింటికి బయలుదేరు. బండి ఎక్కకు, అది లోపల చల్లగా ఉంటుంది, దారి ఎలా వేడెక్కుతుందో నీకు తెలియదు. నడిచి వెళ్లు, నెమ్మదిగా. నాలుగో వలయంలో నా ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగి వెళ్లు. మూత బిగించే స్టీలు క్యాను ఒకటి పట్టుకెళ్లు, అయిదు లీటర్లది. ఈ రాత్రే దాన్ని ఉప్పుతో తోమి మూడుసార్లు మంచినీళ్లతో కడుగు. సబ్బు తగలనివ్వకు.

పైడితల్లిని తెల్లపళ్లెం అడుగు. పిల్లలను వల గరిటెతో అయిదేసి చొప్పున పళ్లెంలోకి తీసి చూడు. దారాలు తేలిన వీపు రెక్క మగది. పొట్టకింద నల్లంచు ఆడది. ముప్పై ఒకటిలో ఆడవి పది కనబడితే నేను ముసలి మూర్ఖురాలిని, వెళ్లి సంతకం పెట్టు, గృహప్రవేశానికి బూరెలు నేనే వండుతాను. పదికి తగ్గితే సంతకం పెట్టకు. ఆ పిల్లలన్నిటినీ క్యానులో సగం నీళ్లతో పోసుకుని, మూత వదులుగా పెట్టి గౌరీపతి ఇంట్లో ఇచ్చెయ్యి.

లెక్క మొదలుపెట్టకముందు మాత్రం ఒక పని. తొట్టి మూత తీసి ముంజేయి దాకా నీళ్లలో ముంచి, వంద అంకెలు పలికేదాకా ఉంచు. చేతికి నూనె రాసుకుని వెళ్లకు, చేపలకు పడదు. గాజులు తియ్యనక్కర్లేదు, మోచేతి వైపు తోసుకుంటే చాలు.